రెండు నెలల వాయిదా

పిల్లల డాక్టరు గది బయట బెంచీ మీద భార్యాభర్తలు. ఆమె ఒళ్లో ఏడాది పాప.

"పోయిన నెల ఫోన్ చేసి, పాపకి జ్వరమని అబద్ధమాడి తట్టు టీకా వాయిదా వేయించింది నేనేనండీ. సూది వేశాక పెద్దాడు రెండు రోజులు ఒళ్లు కాలిపోతూ పడుకున్నాడుగా, భయమేసింది."

"అంతకుముందు నెల నేనూ అదే చెప్పాను."

"మీరా! నాకు ధైర్యం చెప్పిన పెద్దమనిషి మీరేగా?"

"ఉన్నదంతా నీకే చెప్పేశాను, నాకేం మిగల్లేదు."

"మొన్నంతా పాప కింది వాటా బాబుతోనే ఆడింది. వాడికి తట్టు వచ్చిందని తెలిస్తే పంపేదాన్నా? ఇప్పుడు టీకా వేసినా పనిచేస్తుందంటారా?"

"వెంటనే తీసుకురమ్మంది నర్సు. అంతకుమించి ఏమీ చెప్పలేదు."

"పిలుస్తున్నారు, లేవండి."

"పాపని నాకివ్వు. నువ్వు డాక్టరుకి జరిగిందంతా చెప్పు."

"మీ అబద్ధం కూడానా?"

"రెండూ చెప్పు. ఏదీ దాచకు."

"చెప్తాను. ముందు దాన్ని అంత గట్టిగా అదుముకోకండి, ఊపిరాడటం లేదు."