మాస్టారు అత్తగారిని లేపి నిలబెట్టిన కథ

"ఎందుకు నాయనా తొందర, కూర్చోండి. క్లాసు ఎక్కడికీ పారిపోదు, ఏటా ఉండే గోలే. ఫిజియోథెరపీ వాళ్ళం, ఎక్స్‌రే వాళ్ళు, ల్యాబు వాళ్ళు, మీలాంటి విద్యార్థులు, అందర్నీ ఒక గదిలోకి తోలి తెర మీద బొమ్మలు చూపిస్తారు. ఈసారి మరీ విడ్డూరం, పాఠం చెప్పేది ఎవరో తెలుసా? మా మరదలు! మా ఆవిడకి సొంత చెల్లెలు, నేను దగ్గరుండి ఈ కాలేజీలో చేర్పించిన పిల్ల. పక్షవాతం వచ్చినవాళ్ళని మంచం మీంచి ఎలా లేపాలో అది నాకు నేర్పుతుందట!"

ఆస్పత్రి క్యాంటీన్లో మా ముందు టీలు పెట్టించి మాస్టారు కుర్చీ ఇటు తిప్పుకున్నారు. ఎంతటి రోగినైనా లేపి నిలబెడతానని ఆయనే చెప్పుకుంటారు కాబట్టి చాటుగా మేం ఆయన్ని లేపుడు మాస్టారంటాం.

"మా అత్తగారి సంగతి మీకు చెప్పానా?"

"లేదు సార్," అన్నాం. అంతకుముందు చెప్పారు. అయినా ప్రతిసారీ కొంత పెరుగుతుంది కదా అని వింటాం.

"ఆవిడకి కుడి పక్కంతా పడిపోయింది. పెద్ద డాక్టర్లు వచ్చి పెదవి విరిచి పోయారు. నేను వెళ్ళాను. ఎక్కువేం చెయ్యలేదు, గొప్పలు చెప్పుకోకూడదు. ఆ పడిపోయిన చెయ్యే పట్టుకుని ఒకటే గుంజు. లేచి కూర్చుంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నిలబడ్డారా సార్?"

"నిలబడ్డమేం ఖర్మ! నడిచింది. వరండా దాటి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి, 'అల్లుడూ, ఇంకో గుంజు' అంది. గుంజాను. అంతే, పరుగు! ఆవిడ వెనక చక్రాల కుర్చీ తోసుకుంటూ మా ఆవిడ, మా ఆవిడ వెనక నర్సు, నర్సు వెనక సెలైన్ స్టాండు. ఎవరికీ అందితేనా? గేటు బయట కదిలిపోతున్న బస్సుని దాటేసింది. కండక్టరు తల బయటపెట్టి 'ఎక్కుతారా అమ్మా' అంటే, 'వద్దు నాయనా, నాకు ఆలస్యమవుతుంది' అందట!"

మేం కడుపు పట్టుకుని నవ్వాం.

"నవ్వుతారేం? ఆ పరుగు చూసి వార్డు వార్డంతా 'మాకూ, మాకూ' అని చేతులు చాపింది. ఈ చివర్నించి ఆ చివరికి గుంజుకుంటూ పోయాను. గుంజుకొకడు లేచి ఇంటికి పోవడమే! ఆ ఊపులో పొరపాటున ఓ మంచం కోడు పట్టుకున్నాను, అదీ నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఇక మార్చురీ వైపు అడుగేశానో లేదో, సూపరింటెండెంటు గారు అడ్డంపడి, 'మాస్టారూ, మీకు పుణ్యముంటుంది, అటు మాత్రం వెళ్ళకండి, ఇప్పటికే కొందరు లేచి డిశ్చార్జి కాగితాలు అడుగుతున్నారు' అని బతిమాలాడు!"

"మరి గుంజినప్పుడు అమ్మ ఏమంది బావా?"

వెనక్కి తిరిగి చూశాం. టీ కోసం వచ్చిన ఆయన మరదలు ఎప్పట్నించి వింటోందో, గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమంటుంది? 'అబ్బా' అంది. ప్రాణం లేచొచ్చినట్టు!"

"అది నొప్పి బావా. భుజం కీలు జారింది."

"నడిచిందా లేదా, అది చెప్పు ముందు."

"నడిచింది. కర్ర పట్టుకుని పెరటిదాకా నడిచింది. అది మీ చలవే, కాదనను. కానీ ఆ చెయ్యి మళ్ళీ పైకి లేవలేదు. పట్టులేని చేతిని పట్టుకుని మనిషి బరువంతా లాగితే కీలు ఆగుతుందా? ఆ పక్కకి తిరిగి పడుకోలేకపోయేది. పోయేదాకా అమ్మకి జడ నేనే వేశాను."

మాస్టారి గొంతు తగ్గిపోయింది. "అత్తయ్య నాతో ఒక్క మాటైనా అనలేదే!"

"నన్నూ అననివ్వలేదు. 'అల్లుడు ఎంత ఆపేక్షగా చేశాడే, తెలిస్తే కుమిలిపోతాడు' అని ఒట్టు వేయించుకుంది. అమ్మ ఉన్నన్నాళ్ళూ నోరు విప్పలేదు. ఇవాళ కూడా ఊరుకుందామనే అనుకున్నా. కానీ మీ మాట నమ్మి రేపు వీళ్ళు వార్డులో ఎవరి అమ్మనో గుంజుతారు కదా?"

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది.

"అలా లాగకూడదని ఆ ఏడు క్లాసులోనే చెప్పారు బావా, అమ్మకి జబ్బు చెయ్యకముందే. మీరు హాజరు పలికి బయటికొచ్చేశారు. నేనప్పుడు మొదటి సంవత్సరం. 'రావే, టీ తాగుదాం' అంటే మీ వెనకే వచ్చాను. ఇక్కడే కూర్చుని వీళ్ళలాగే నవ్వాను. మీ ఒక్కరిదే తప్పని ఎప్పుడూ అనుకోలేదు. ఆ పూట నేను లోపలుంటే, మీరు గుంజబోయినప్పుడు నేనైనా ఆపేదాన్ని."

టీ ముట్టుకోకుండానే ఆమె క్లాసుకి వెళ్ళిపోయింది. దేనికి నవ్వామో తల్చుకుంటే మాకే సిగ్గేసింది. ఒక్కొక్కరం లేచాం. మాస్టారు మాత్రం కూర్చునే ఉన్నారు. ఆయన్ని అలా వదిలి వెళ్ళలేక మాలో ఒకమ్మాయి, "రండి సార్," అంటూ ఆయన చెయ్యి పట్టుకోబోయింది.

"లాగకు తల్లీ," అన్నారాయన. "నేనే లేచి వస్తా."