కంప్యూటర్ వద్దన్న కాగితం

2019లో, రోలుగుంట దగ్గరి భూములు జమీందారు వారసులవేనని తీర్పు వచ్చిన మర్నాడు, చోడవరం కోర్టు వరండాలో ఒక రైతు భార్య తమ ప్లీడరు గుమస్తాను నిలదీసింది.

“మా ఆయన భూమి కొన్న కాగితం మీకిచ్చేను కదా బాబూ. జడ్జీగారికి ఎందుకు సూపించలేదు?”

“మూడొందల మంది రైతులవి, వేల కాగితాలమ్మా. పనికొచ్చేవి కంప్యూటరే ఏరింది. మీది వద్దన్న కట్టలో పడేసింది.”

“దానికేటి తెలుసు?”

“నేనే నేర్పేను. వెయ్యి కాగితాలు నేను ఏరి చూపిస్తే, మిగతావి అదే ఏరింది. స్టాంపు లేనివన్నీ నేను వద్దన్నాను. అదీ అలాగే నేర్చుకుంది.”

“మాది తెల్లకాగితమే. కానీ కరణంగారి సంతకం ఉంది, అమ్మినాయన వేలిముద్ర ఉంది.”

“ఉన్నాయమ్మా. నేను చూసేను.”

“ఎప్పుడు?”

“తీర్పుకి నెల ముందు. ఆ కట్ట బీరువాలో పెడతన్నప్పుడు.”

“మరి ప్లీడరుగారికి సెప్పలేదేటి?”

“తప్పు నేర్పింది నువ్వేనంటారు. ఉద్యోగం పోద్దని భయపడ్డాను.”

“అప్పీలుకెళ్తే ఈ మాట సెప్తావా?”

గుమస్తా చేతిగడియారం చూసుకున్నాడు.

“సెప్పవులే. రేపు మా సెరుకు ఆ జమీందారోళ్లే కొట్టి గోవాడ పంచదార ఫేక్టరీకి తోలుకుంటారు. నువ్వు టైముకి డ్యూటీకెళ్లిపో బాబూ.”