పారేసే తొమ్మిది ముక్కలు

ఇంతమంది వస్తారని మేం అనుకోలేదు. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు కూడా ఉన్నారు. ఈ మెడికల్ కాలేజీ భవనంలో ఒక మూలగదిలో, తలుపు దగ్గరగా వేసుకుని, ముప్పై నాలుగేళ్లు పనిచేసిన మనిషి కోసం వచ్చిన మీ అందరికీ మా ఇంటి తరఫున నమస్కారం. నేను ఆయన తమ్ముడి భార్యను. ఆయన పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉన్నారు. నాకు బావగారు. మీకు ముక్కల మాస్టారు.

చెప్పవలసినవి కాగితం మీద రాసుకొచ్చాను. కానీ ఇందాక ఒక పెద్దాయన ప్రేమగానే ఒక మాట అన్నారు. 'మాస్టారి చెయ్యి బంగారం, వరుస పెట్టుకోవడంలోనే కాస్త అజాగ్రత్త' అన్నారు. మీలో కొందరు నవ్వారు. ఆ నవ్వు విన్నాక నా కాగితం మడిచి సంచిలో పెట్టేశాను.

అయ్యా, ఆ అజాగ్రత్త ఆయనది కాదు.

మీకు తెలిసిన పనే, మా బంధువుల కోసం చెబుతున్నాను. మెదడును మైనంలో పోతపోసి, యంత్రం మీద ఉల్లిపొర కంటే పలచగా కోస్తారు. ముక్కను గోరువెచ్చని నీళ్ల మీద వదిలి, ముడత విచ్చుకున్నాక గాజు పలక మీదకు ఎత్తుతారు. ఊపిరి తగిలినా మడత పడుతుంది. అందుకని ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టాలి. అన్నీ దాచడానికి చోటుండదు కనక పదింటికి ఒకటి ఉంచి తొమ్మిది పారేయడం ఇక్కడి పద్ధతి.

బావగారికి ఆ తొమ్మిదింటిని పారేయడానికి మనసొప్పలేదు. అనుమతి అడిగి, వాటికీ నీలిరంగు వేసి, పైన పలచటి అద్దం అతికించి చూసుకునేవారు. అలా చూస్తుండగా కనిపించింది, ఏ పుస్తకంలోనూ లేని ఒక చిన్న కణాల గుంపు. ఐదారు ముక్కల్లో కనిపించి మాయమయ్యేది.

నాకు అర్థం కాలేదంటే, ఉడికిన బంగాళాదుంపలో ఒక మిరియపు గింజ దాచి, పలచగా తరిగి, పదో ముక్క, ఇరవయ్యో ముక్క నా ముందు పెట్టారు. 'గింజ ఉందా అమ్మాయ్?' అన్నారు. లేదన్నాను. పక్కకు తీసిన ముక్కలు చూపించారు. 'చెత్తబుట్టకు మాత్రం తెలుసు' అని నవ్వారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో దాని పేరు మిరియం.

అప్పటి ఆచార్యులుగారు అది కత్తి పెట్టిన ముడతేమో అన్నారు. 'మూడు మెదళ్లలో, వరుస తప్పకుండా చూపించు, ఒప్పుకుంటాను' అన్నారు. బావగారు ఆయన్ని తప్పుపట్టలేదు. 'అడగవలసిందే అడిగారు' అన్నారు. నాలుగేళ్లు పట్టింది. మూడు మెదళ్ల నుంచి రెండు వందల పద్దెనిమిది పలకలు. ఒక్కోదానికీ అంచున జిగురుతో అంటించిన కాగితపు చీటీ, దాని మీద అంకె. ఆచార్యులుగారికి చూపించేముందు వరుస మరోసారి సరిచూసుకోవాలని పెట్టెల్లో సర్ది ఇంటికి తెచ్చుకున్నారు.

అదే వారం మా ఇంటికి రంగులు వేయిస్తున్నాం. నా సంగతి మా వాళ్లకు తెలుసు. నా వంటింట్లో డబ్బా మీద తేదీ లేకుండా ఉప్పు కూడా ఉండదు. ఆయన గది ఖాళీ చేయిస్తూ ఆ పెట్టెలు తెరిచాను. పలకల నిండా సున్నం దుమ్ము. పాపం, శుభ్రం చేసి పెడదామనుకున్నాను. సబ్బునీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో తుడిచి, ముదురు నీలం నుంచి లేత నీలం దాకా అందంగా సర్దాను. చీటీలు నీళ్లలో తేలాయి. వాటినీ పారబోశాను.

అప్పుడు ఏమనుకున్నానో చెబుతాను. ఎంత చక్కగా ఉందో అనుకున్నాను.

బావగారు వచ్చి చూశారు. ఒక పలక తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని, 'అద్దాలు బాగా మెరుస్తున్నాయమ్మాయ్' అన్నారు. అంతే. ఏది ఏ మెదడుదో, ఏది ముందో ఏది వెనకో ఇక ఎవరు చెప్పగలరు? కాలేజీలో మాత్రం 'నేనే కలిపేసుకున్నాను' అని చెప్పారట. ఆ మాట ఆయన చెప్పారని నాకు మూడేళ్ల తరువాత తెలిసింది. తెలిశాక నేను వచ్చి నిజం చెప్పానా? చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఆయన పోయేదాకా ఆగాను.

ఆయన మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి గాజు మీదే గీకే కలం నా చేతికిచ్చి, 'అంకెలు నువ్వు వెయ్యి, నీ రాత గుండ్రంగా ఉంటుంది' అన్నారు. నన్ను క్షమించడానికి ఆయన వెతుక్కున్న దారి అది. ఒక మెదడు పూర్తయ్యేసరికి చూపు మందగించింది, ఉద్యోగం ముగిసింది. తరువాత ఎక్కడో ఎవరో ఆ గుంపును కనుక్కున్నారని పత్రికలో వచ్చింది. భూతద్దంతో చదివి, 'మిరియం దొరికిందమ్మాయ్' అన్నారు. ఆయన మొహంలో సంతోషమే ఉంది. నేనే అక్కడ నిలబడలేక వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఈ బల్ల మీదున్న పెట్టె ఆ ఒక్క మెదడుది. ఒకటి నుంచి డెబ్బై ఆరు దాకా, ఒక్క అంకె తప్పలేదు. ముప్పై ఒకటి నుంచి ముప్పై ఆరు చూడండి, మిరియం అక్కడుంది. ఆయన పని చేసిన గదిలోనే దీన్ని ఉంచమని కోరుతున్నాను. ఇకపై ఆయన్ని తలుచుకున్నప్పుడు, వరుస తప్పించింది మరదలని చెప్పండి.

ఇప్పుడు అందరం లేచి నిలబడదాం. నీళ్ల మీద ముక్క విచ్చుకునేంతసేపు చాలు. ఆయన బిగబట్టినట్టే, ఊపిరి బిగబట్టి.