బుచ్చెక్క వాగు సాక్ష్యం

బుచ్చెక్క అని ఒకావిడ. గొల్లోళ్ళ కోడలు. జీలుగుమెట్ట అత్తారూరు. ఊరంటే ఎంతనుకున్నారు, పదిహేను కొంపలు, పదిహేను గొర్రెల దొడ్లు, చుట్టూ మేత బీడు. అంతే. ఆ పదిహేనో కొంప బుచ్చెక్కది, ఆమె మొగుడు అంకాలుది. ఇప్పుడు ఆ ఊరు లేదు. ఎందుకు లేదు అంటారేమో, అదే చెప్తున్నా, ఇనండి.

ఏమైందంటే, అప్పట్లో అక్కడ జమీందార్లు ఇద్దరు. ఒకే తండ్రి బిడ్డలే. తండ్రి పోతే పంచుకున్నారు. అన్నది పెద్దకోట, తమ్ముడిది చిన్నకోట. పంపకం కాయితంలో ఏం రాసుకున్నారంటే, వాగుకి తూర్పున ఉన్నదంతా అన్నకి, పడమర ఉన్నదంతా తమ్ముడికి. బాగానే ఉంది కదా? మనుషులు గీసుకున్న గీత కాదు, దేవుడు పారించిన నీళ్ళు, తగువేం ఉంటది అనుకున్నారు. మరి ఆ వాగు ఊరుకోవాలిగా. ఒక ఏడు గాలివాన కొట్టింది. మూడు రోజులు కొట్టిందంట. వాగు పొంగి, బుచ్చెక్క పుట్టిల్లున్న పల్లెని మనుషులతో సహా ఊడ్చుకుపోయింది. నీళ్ళు తీశాక చూస్తే ఏముంది, వాగు పాత దారి వదిలేసింది. జీలుగుమెట్టకి తూర్పున పారేది కాస్తా ఊరిని చుట్టి పడమరకి ఎళ్ళిపోయింది. తూర్పున ఇసక మేట మాత్రం మిగిలింది. పొద్దున్న లేచేసరికి ఊరు అక్కడే ఉంది, వాగే ఇవతలి నుంచి అవతలికి ఎళ్ళింది. ఇహ చూస్కోండి. అన్న అంటాడూ, "ఊరు వాగుకి తూర్పునే ఉంది, నాదే." తమ్ముడంటాడూ, "రాసుకున్ననాడు వాగు అటుంది, ఊరు నాదే." అన్నేమో, "అబద్ధం, వాగు ఎప్పుడూ ఇటే ఉంది, ఆ ఇసక ఏదో పాత డొంక" అన్నాడు. కోర్టుకెక్కారు.

కోర్టుకెక్కితే కాయితాలు కొట్టుకోవాలి గానీ, మనుషులు కొట్టుకున్నారు. అన్న మనుషులొచ్చి గొర్రెల్ని బీట్లోంచి తోలేస్తారు. తమ్ముడి మనుషులొచ్చి గడ్డివాములు తగలెడతారు. మేత లేక గొర్రెలు డొక్కలెండిపోతుంటే అంకాలు చూడలేకపోయాడు. "కొండల్లోకి తోలుకుపోతానే బుచ్చీ. వానలు పడగానే ఒచ్చేస్తా. నువ్వు మాత్రం ఊరొదిలి ఎక్కడికీ పోకు, నేనొచ్చేసరికి ఇక్కడే ఉండు" అన్నాడంట. "నేనెక్కడికి పోతాను, పోడానికి నాకు పుట్టిల్లుందా" అందంట ఆమె. గొంగళి భుజాన ఏసుకుని, మందని అదిలించుకుంటూ ఎళ్ళిపోయాడు. ఆమె దొడ్డి తడక పట్టుకుని, ఆ దుమ్ము అణిగిందాకా చూసింది.

ఆ వేసంగే కోర్టు దొరలు హుకుం ఇచ్చారు. తగువు తేలేదాకా జీలుగుమెట్టలో ఎవడూ ఉండకూడదు, ఊరు కోర్టు చేతిలో ఉంటది, దాన్ని చూసుకోడానికి రిసీవరని ఒకాయన, ఆయనకో గుమాస్తా, ఊరి మొగదలో ఒక కాపలావాడు. బంట్రోతులొచ్చి ఇళ్ళ కప్పులు పీకించారు. అందరూ మూటలెత్తుకుంటే బుచ్చెక్క కదల్లేదంట. కప్పు లేని గోడల మధ్య మూడు రోజులు కూచుంది. "నా మొగుడు ఇక్కడికే ఒస్తానన్నాడు బాబూ, నేను లేకపోతే ఎలాగ" అని బంట్రోతు కాళ్ళట్టుకుంది. ఆడేం చేస్తాడు, ఆడిది ఉద్యోగం. చెయ్యట్టుకుని లేపి పంపించేశాడు. పదిహేను కొంపలోళ్ళూ పదిహేను దార్లు పట్టారు. కొందరు బర్మాలో కూలికని రంగం ఓడెక్కారు. బుచ్చెక్క కాలవల కిందకి దిగి, కోడుమూల అనే ఊళ్ళో ఒక రైతు పంచన చేరింది. పేడతీసి, పాలు పితికి, నాట్లేసి బతికింది.

మొదటి ఏడు వానలప్పుడు ఎళ్ళి, ఊరి బయట ఇసకలో శ్రావణమంతా కూచుందంట. రాలేదు. ఆ ఏడు అంకాలుకి కొండ జ్వరం తగిలి మంచాన ఉన్నాడు, ఆమెకేం తెలుసు. మరుసటి ఏటి నుంచి రైతు పంపలేదు. నాట్లప్పుడు ఎవడు పంపుతాడు చెప్పండి? వైశాఖంలో నాలుగు రోజులు సెలవిచ్చేవాడు. ఆ నాలుగు రోజుల్లోనే నడిచి ఎళ్ళేది, కాపలావాడి దగ్గర నిలబడేది. "అయ్యా, అంకాలని గొర్రెలోడొకడు వానలప్పుడు ఒస్తాడు. బుచ్చెక్క కోడుమూలలో ఉంది, రమ్మంది అని చెప్పు. మరిచిపోకు నాయనా." ఆడు అలాగేలే అనేవాడు. లోపలికి పోనిచ్చేవాడు కాదు. ఆమె అక్కణ్ణించే తన గోడలు చూసుకుని, ఎనక్కి తిరిగేది. ఇట్టా ఎన్నేళ్ళనుకున్నారు? ఇరవై రెండేళ్ళు. నవ్వులాట కాదు. కోడుమూలలో జనం "ఇంకా ఎక్కడి మొగుడే, మారుమనువు చేసుకో" అంటే, "ఒస్తానన్నాడుగా" అనేదంట. అంతే మాట. దానికి ముందూ లేదు, ఎనకాల లేదు.

ఇరవై రెండో ఏట కోడుమూలకి ఒక పంతులొచ్చాడు. పేర్రాజు పంతులు. పెద్దకోట దస్తరంలో గుమాస్తా, ఎస్టేటు కాయితాలన్నీ ఆయన చేతిలోనే. దావా చివరికొచ్చింది, కాయితాల వల్ల తేలట్లేదు, గాలివానకి ముందు వాగెక్కడుందో కళ్ళారా చూసినోళ్ళు కావాలన్నాడు దొర. చూసినోళ్ళలో బతికున్నది ఎంతమంది! పంతులు ఎతుక్కుంటూ ఎతుక్కుంటూ బుచ్చెక్క దగ్గరికొచ్చి అరుగు మీద కూచున్నాడు. "చూడు బుచ్చెక్కా, నువ్వు తూర్పు నుంచి జీలుగుమెట్టకి కోడలుగా వచ్చావు. దారిలో వాగు దాటలేదని చెప్పు, చాలు. దావా మనం గెలుస్తాం. గెలిచిన నాడే మీ పదిహేను ఇళ్ళూ కప్పించి, మీ బీడు మీకిస్తామని అయ్యగారు మాటిచ్చారు. నీ ఇంట్లో నువ్వు కూచోవచ్చు" అన్నాడు. బుచ్చెక్క ఒకటే అడిగింది. "వానలకి ముందే కప్పిస్తారా?" "కప్పిస్తాం." "అయితే చెప్తాను."

చెప్తానంది గానీ ఆ నెలంతా పితికేటప్పుడూ కడిగేటప్పుడూ అదే నేర్చుకుంటూ ఉండేదంట. వాగు లేదు. వాగు లేదు. పొడినేల మీద నడిచొచ్చాను. వాగు లేదు. అనేకొద్దీ అలవాటయింది. అలవాటయ్యేకొద్దీ కళ్ళముందు ఇంటికప్పు కనపడేది, దొడ్లో గొర్రెలు కనపడేవి, గొంగళేసుకుని దిగొచ్చే మనిషి కనపడేవాడు.

కోర్టుకి తీసుకెళ్ళారు. జీలుగుమెట్టోళ్ళలో మిగిలినోళ్ళు, గాలివాననాటికి పసివాళ్ళు, ఓ పదిమంది ఒచ్చి గోడకానుకుని నిలబడ్డారు. అందరి చూపూ ఈమె మీదే. పైన తెల్లదొర, పక్కన ఆయనకి మన మాట ఆళ్ళ మాటలో చెప్పే మనిషి. పెద్దకోట ప్లీడరు లేచి, ముందు పేరడిగాడు, కులమడిగాడు, తరవాత, "నీకు పెళ్ళయి కాపరానికి వచ్చిన రోజు జ్ఞాపకముందా?" "ఉంది బాబూ." "తూర్పు నుంచి వచ్చావా?" "అవును బాబూ." "దారిలో అడ్డంగా వాగేమైనా ఉందా?"

ఇదిగో, ఇక్కడ. ఒక్క మాట. లేదు అంటే అయిపోయింది. నెలరోజులు నమిలిన మాటే. నోరు తెరిచింది. గోడ దగ్గరోళ్ళు ముందుకి వంగారు. ప్లీడరు మళ్ళీ అడిగాడు, "వాగుందా లేదా అమ్మా?" అప్పుడామెకి ఏమనిపించిందంటే, ఈ ఇరవై రెండేళ్ళలో ఇల్లు పోయింది, గొర్రెలు పోయాయి, మొగుడి మొహం కూడా సరిగ్గా గుర్తుకి రావట్లేదు. గుర్తున్నది ఆ వాగొక్కటే. అదీ లేదనేస్తే ఇహ నాకేం మిగిలింది, అని. "ఉంది బాబూ" అనేసింది. "ఉందా? ఆలోచించుకుని చెప్పు." "ఆలోచించేదేముంది. ఛాతీదాకా నీళ్ళు. నాకు ఈత రాదు. నా మొగుడు నన్ను భుజమ్మీద కూచోబెట్టుకున్నాడు. నడిమజ్జన ఆగి, మా ఊరు కనపడతందా అన్నాడు. కనపడతంది అన్నాను. ఎన్ని కొంపలో లెక్కెట్టు అన్నాడు. పద్నాలుగు అన్నాను. పదిహేనోది మనది, రేపటి నుంచి కడతాను అన్నాడు. అని నవ్వాడు. ఆయన నవ్వితే నేను పడిపోతానని ఆయన జుట్టు పట్టుకున్నాను బాబూ." ఆ పక్క మనిషి దొరకి చెప్తుంటే, దొర కలం ఆపి ఆమెకేసి చూశాడంట. "వాగు ఊరికి ఏ వైపు ఉండేది?" "పొద్దు పొడిచే వైపు దొరా."

ఊరు తమ్ముడిది అని తీర్పయిపోయింది. తమ్ముడు గెలిచిన మర్నాడే మిగిలిన గోడలు పడగొట్టించి, చుట్టూ కంచె కొట్టించి జీడిమొక్కలు ఏయించాడు. గొల్లోళ్ళని అడుగు పెట్టనివ్వలా. జీలుగుమెట్టోళ్ళు బుచ్చెక్కని తిట్టని తిట్టు లేదు. "మా నోట్లో మట్టి కొట్టావు కదే. ఒక్క మాట, ఒక్క మాట అనలేకపోయావా!" ఆమె కోడుమూల ఒచ్చి పడుకుంది. నిజం చెప్పానని సంతోషమేం లేదు. ఇంకెక్కడికి ఒస్తాడాయన, గోడలు కూడా లేవుగా, అని ఒకటే దిగులు. ఆ ఏడు వైశాఖంలో మెట్టకి ఎళ్ళలేదంట. మొదటిసారి.

అక్కడ పెద్దకోటలో ఏమైందనుకున్నారు? పేర్రాజు పంతులికి చివాట్లు. "సాక్షిని తెచ్చావా, శత్రువుని తెచ్చావా" అని జమీందారు మండిపడి, పైకోర్టుకి ఎళ్ళాలి కాయితాలన్నీ తిరగరాయమన్నాడు. రిసీవరు గుమాస్తా రాసిన రోజువారీ పుస్తకం కూడా రాయాలి. కాపలావాడు ఒచ్చి చెప్పిందల్లా ఆ గుమాస్తా అందులో రాసేవాడు, రెండు కోటలకీ నకళ్ళు పంపేవాడు. పంతులు ఆ పుస్తకం పదిసార్లు చదివిందే, ఎక్కడైనా వాగు మాట ఉందా అని. ఈసారి తిరగరాయాలి గనక అక్షరం అక్షరం చదవాల్సొచ్చింది. వైశాఖం. 'బుచ్చెక్క అను స్త్రీ వచ్చినది. కోడుమూలలో ఉన్నానని భర్తకు చెప్పమన్నది. పంపివేయడమైనది.' శ్రావణం. 'అంకాలు అను గొర్రెల కాపరి వచ్చెను. భార్య బుచ్చెక్క ఎక్కడని అడిగెను. తెలియదని పంపివేయడమైనది.' పంతులు కలం కింద పెట్టాడు. మరుసటి ఏడు తిప్పాడు. వైశాఖం, ఆమె. శ్రావణం, అతను. ఆ పై ఏడు, అలాగే. ఆషాఢంలో ఒకసారి, పుష్యంలో ఒకసారి కాపలావాణ్ణి మార్చేవాళ్ళు, ఎస్టేటోళ్ళు లంచం పెట్టకుండా. ఆమె చెప్పింది ఇన్నవాడు ఒకడు, అతనికి జవాబు చెప్పేవాడు ఇంకొకడు. తొమ్మిది శ్రావణాలు అట్టా ఒచ్చాడు. తొమ్మిదోసారి, 'కాలు విరిగినది, ఇకమీదట రాలేను, ఈతలగొందిలో ఉంటానని భార్యకు చెప్పమనెను.' అంతే. ఆ తరవాత పదమూడేళ్ళూ ఆమె ఒక్కతే.

పంతులు బండి కట్టించుకోలా. నడిచే ఒచ్చాడు కోడుమూలకి. బుచ్చెక్క ఆయన్ని చూసి, "ఇంకా తిట్టడానికి ఒచ్చావా పంతులూ" అంది. ఆయన సంచీలోంచి కాయితం తీసి చదివాడు. ఒకసారి చదివాడు. మళ్ళీ చదవమంది. మూడోసారి చదువుతుంటే పైటకొంగు నోట్లో కుక్కుకుంది. "ఇది ఎవరి దగ్గరుంది ఇన్నాళ్ళూ?" అంది. "మా దగ్గరే. చిన్నకోటోళ్ళ దగ్గరా ఉంది. కోర్టులోనూ ఉంది." "మరి మీరంతా చదువుకున్నోళ్ళు కదయ్యా?" పంతులు ఆ కాయితం మడిచి ఆమె చేతిలో పెట్టాడంట.

ఈతలగొంది మూడు రోజుల నడక. ఎళ్ళింది. ఊరి బయట ఎవరిదో మంద. తడక పక్కన ఒక ముసలాయన, ఎడం కాలు చాపుకుని, ఉన్ని వడుకుతున్నాడు. ఈమె ఎదురుగా నిలబడింది. ఆయన కళ్ళు పైకెత్తి చాలాసేపు చూశాడు. "ఎవరూ? బుచ్చీ? ఇంతాలస్యమా?" అన్నాడు. ఆ మాటకి ఈమెకి ఎక్కడలేని కోపం ఒచ్చింది. "ఆలస్యం నాదా? వానలకి ఒస్తానంది ఎవరు? ఊళ్ళో ఉండమంది ఎవరు? ఊరుంటేగా ఉండడానికి!" అని నిలబడే తిట్టిందంట. తిట్టీ తిట్టీ కింద కూలబడి ఏడ్చింది. ఆయన ఉన్ని పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకు కూచున్నాడు. కళ్ళు తుడుచుకుని ఆమే అంది. "ఊరు పోయిందయ్యా. నేనే పోగొట్టాను. వాగు లేదని చెప్పమన్నారు, చెప్పలేకపోయాను." "మరేం చెప్పావు?" చెప్పింది, కోర్టులో చెప్పిందంతా. ఆయన అంతా ఇని, "ఛాతీదాకానా? మెడదాకా ఒచ్చాయే నీళ్ళు! పైన కూచున్నదానివి నీకేం తెలుసు. అంతమంది ముందర అబద్ధం చెప్పొచ్చావు" అన్నాడంట.

ఆ పైన ఏడేళ్ళు కలిసి బతికారు. బాగానే బతికారు గానీ, ఈతలగొంది ఆళ్ళ ఊరు కాలేదు. సాయంత్రమైతే ఇద్దరూ జీలుగుమెట్ట ఉన్న దిక్కుకి తిరిగి కూచునేవాళ్ళు, కొండలడ్డమొచ్చి ఏమీ కనపడకపోయినా. ముందు అంకాలు పోయాడు. ఆర్నెల్లకి ఆమె. దావా మాత్రం పోలేదు. మద్రాసు ఎళ్ళింది, సముద్రం దాటి సీమకెళ్ళింది, ఈలోపు అన్న పోయాడు, తమ్ముడు పోయాడు, ఆఖరికి జమీందారీలే పోయాయి. అక్కడ ఇప్పుడు జీడితోట. ఎవరిదంటే, నాకు తెలీదు, కాయలు కోసేవాళ్ళకీ తెలీదు.

ఏం బాబూ, ఇందాకట్నుంచి వంచిన తల ఎత్తకుండా రాసుకుంటున్నావు. రాసుకో, కాదనను. కానీ రాసేసి పెట్టెలో పెట్టి ఊరుకోకు. ఎవరికో ఒకరికి చదివి వినిపించు. ఎవరి కబురు ఎవరికి అందాలో మనకేం తెలుసు.