ముత్యమన్న సర్దిన మడత బండి

గల్ఫు దేశంలో, ఐన్ ఖాలిద్‌లో ఒక అర్బాబు, అంటే అరబ్బు యజమాని, విల్లా. గేటు పక్కన డ్రైవర్ రూము, దాని ముందు శుక్రవారం చాయ్ సభ. సభకు సింహాసనం ఉండాలి కదా, అందుకని డ్రైవర్ ముత్యం తన కార్టన్ మీదే కూర్చున్నాడు. నీలం తాడు బిగించి, నాలుగు పక్కలా పేరూ ఊరూ మండలం రాసిన పెద్ద అట్టపెట్టె. కొత్త పని ఇంకా దొరకనే లేదు, మూటాముల్లె మాత్రం కట్టేసుకున్నాడు. మనిషికి అంత వినయం!

పని ఇచ్చేవాడు ఎదురుగానే ఉన్నాడు. నిజామాబాద్ బాసిత్. వరల్డ్ కప్ చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం ఎడారిలో గుడారాల క్యాంపు వేస్తున్న కంపెనీలో సూపర్‌వైజర్. సామాను సర్దించే ఫోర్‌మన్ కోసం వెతుకుతున్నాడు. మేడం గారి మాల్ సంచులు మోసీ మోసీ ముత్యం నడుము విల్లయింది. ఈ పని దొరక్కపోతే ఇంకో రెండేళ్ళు అవే సంచులు. ఇక సాయవ్వ, ఆ ఇంట్లోనే వంట. చాయ్ ఆమెదే, నోరూ ఆమెదే.

"సామాను సర్దుడు వస్తదా భాయ్?" అన్నాడు బాసిత్. పాపం, తెలియక అడిగాడు.

"వస్తదానా? పోయిన చలికాలం మా అర్బాబు మడత క్యాంపర్ కొన్నడు, బాసిత్ భాయ్. ఎట్లుంటదో ఎరికేనా? మూస్తే మంచమెత్తు పెట్టె, కారెనక తగిలిచ్చుకొని పోవచ్చు. కడ్డీ వెట్టి తిప్పితే టాప్ లేస్తది, ఇటొక పరుపు అటొక పరుపు బయటికొస్తయి, ఇగ ఇల్లే! కని సామానుకు జాగేది? సీట్ల కింద రెండు గూళ్ళు, పొయ్యి కింద ఒక అర. పాలపొడి డబ్బా వెడితే గ్యాసు బుడ్డికి జాగ లేదు. మేడం తలకాయ వట్టుకొని కూసున్నది. నేనన్న, మాఫీ ముష్కిల్ మేడం, ఫికరు వడకు, నేనున్న. మనం ఊరికి పోయేటప్పుడు కార్టన్ కడ్తం సూడు, గదే విద్య. బూటుల సాక్సు, సాక్సుల సెంటు సీస. గిన్నెల గిన్నె, దాండ్ల చక్కెర. ఉత్త జాగ అనేటిదే ఉండొద్దు. ముఖ్యమైన వస్తువు మాత్రం అట్టడుగున, లుంగీల సుట్టి వెట్టాలె. దొంగకు దొరకొద్దు, కస్టమ్స్ వానికి గూడ దొరకొద్దు. గట్ల సర్దితే పళ్ళాలు, పొయ్యి, దుప్పట్లు అన్నీ పట్టినయ్!"

బాసిత్ మెచ్చుకున్నట్టు తల ఊపాడు. అక్కడ ఆగి ఉంటే పని దొరికేది. కాని ముత్యం నోటికి బ్రేకు వేసే డ్రైవర్ ఇంకా పుట్టలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెల్సా? అర్బాబు అన్నదమ్ములు దిగిండ్రు. మా మజ్లిస్ గూడ వెట్టుమన్నరు. మజ్లిస్ అంటే వచ్చినోళ్ళు కూసునే మొత్తం ఒక హాలు! తివాసీలల్ల దిండ్లు సుట్టిన, దిండ్లల్ల కాఫీ కూజాలు దూర్చిన. ఆకరికి గొర్రెను తెచ్చిండ్రు."

"బతికున్న గొర్రెనా?" బాసిత్ గ్లాసు ఆగిపోయింది.

"నడుసుకుంటనే ఎక్కింది! కాళ్ళు మడిసి పొయ్యి కింద అరల కూసోవెట్టిన. కిమ్మనలే. వాళ్ళ డేగ ఉండె, దాన్ని గొర్రె మీద కూసోవెట్టిన, జాగ కలిసొస్తదని."

"గొర్రెకు సీటు బెల్టు వెట్టినవా, లేదా?" అంది సాయవ్వ.

"నడుమల రాకు చెల్లె. గంతల్నే నీళ్ళ ట్యాంకరు రాదని ఫోను. యల్లా, పరుపులల్ల దూది తీసి నీళ్ళు నింపిన! ఇసుకల పోతాంటే స్టేడియం కట్టేటోళ్ళు అడ్డమొచ్చిండ్రు. లారీలు దిగవడ్డయట, పెద్ద సారు కండ్లనీళ్ళు వెట్టుకుంటుండు. నా మనసు ఊకుంటదా? కుర్చీల కుర్చీ వెట్టి సీట్ల కింద తోసిన. గడ్డిని సాపలెక్క సుట్టి మూలకు నిలవెట్టిన. గోలుకు వల ఉంటది గద, దాండ్ల లైట్లన్నీ మూటగట్టిన."

"ఆర్పినంక కట్టినవా, ఎలుగుతుండంగనేనా?" అంది సాయవ్వ.

"ఎలుగుతుండంగనే! దారి కనవడాలె గద. స్టేడియం మొత్తం పట్టింది భాయ్. రిఫరీ ఒక్కడు మిగిలిండు. ఆయనను నా పక్క సీట్ల కూసోవెట్టుకున్న, దారి పొడుగూత విజిలేసుకుంట వచ్చిండు. టాప్ మూసిన, తాడు గుంజి కట్టిన, ఒక్క చెంచా సప్పుడు గాలే!"

సాయవ్వ గ్లాసు కింద పెట్టింది. "ముత్యమన్నా, నాదొక్కటే అనుమానం. టాప్ లేపే కడ్డీ యాడ వెట్టినవ్?"

"గది గూడ అడుగుతరా? ముఖ్యమైన వస్తువాయె! అట్టడుగున, లుంగీల సుట్టి..."

ముత్యం చప్పున నాలిక కరుచుకున్నాడు. సాయవ్వ బాసిత్ వైపు తిరిగింది.

"ఇన్నవా బాసిత్ భాయ్? ఆ దినం వంటకు నేను గూడ పోయిన. స్టేడియం లేదు, రిఫరీ లేడు. ఆ గొర్రె ముక్కలై ఐసు డబ్బాల ఉండె. ఎడారి నడుమ దిగినం. కడ్డీ ఉంటేనే టాప్ లేస్తది, టాప్ లేస్తేనే కడ్డీ దొరుకుతది. ఇంటిల్లిపాది బండి సుట్టు నిలవడి, ఇంగ్లీషుల రాసిన ఈయన ఊరి పేరు సదువుకున్నరు. బండికి గూడ నాలుగు పక్కల రాసిండు మరి! పొద్దుగూకంగ ఉత్త కడుపుతోని వాపస్."

"తాడు మాత్రం ఊడలే!" అన్నాడు ముత్యం ఛాతీ విరిచి.

బాసిత్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. "ఛోడో భాయ్, ఒక్కసారి ఎవరికైనా అయితది. తాడు కట్టెటోడు గూడ నాకు కావాలె. మేనేజర్ ఇప్పుడే పేరు పంపుమంటుండు, ఆలస్యమైతే ఇంకొకన్ని తీస్కుంటడు. నీ బతాకా ఇయ్యి, ఐడీ కార్డు ఫోటో కొట్టి పంపుత."

ముత్యం చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. ప్యాంటు జేబులోకి పోయింది. వెనక జేబులోంచి ఖాళీగా తిరిగొచ్చింది. అప్పుడు మెల్లగా సింహాసనం దిగి, దాని వైపు చూశాడు.

"ఏ లుంగీలున్నది అన్నా? గళ్ళ లుంగీనా, నీలిదా?" సాయవ్వ లేచింది. "కత్తి తేవాల్నా?"

"వద్దు చెల్లె, మంచి తాడు, ఖరాబైతది" అంటూ ముత్యం మొదటి ముడి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

బాసిత్ అప్పటికే ఇంకొకరి నంబరు నొక్కుతున్నాడు.