మా బండిలో వినపడని మాట

సభకు అధ్యక్షత వహించిన డిపో మేనేజరు గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి డ్రైవర్లకు, కండక్టర్లకు, గ్యారేజీ మిత్రులకు ఈ రోజు రిటైరవుతున్న బస్సు డ్రైవరు మద్దిలేటి నమస్కారాలు. ఇరవై తొమ్మిదేళ్లు జనానికి వీపు చూపించి కూర్చున్నవాణ్ణి, ఎదురుగా నిలబడి మాట్లాడటం అలవాటు లేదు. (నవ్వులు)

ఆరేళ్ల కిందట శిరివెళ్ల స్టాపులో మా కండక్టరు మణెమ్మ 'రైట్ రైట్' అంది, నేను బండి కదిలించాను, పక్కనుంచి ముందుకు దూసుకొచ్చిన మోటారు సైకిలు మనిషి చక్రం కింద పడ్డాడు. గోస్పాడు రైతు. బతకలేదు. తప్పు నాది కాదని విచారణలో తేలింది గానీ ఆ సంగతి నా కాలికి తెలియలేదు. మూడు నెలలకు డ్యూటీలో చేరిన పొద్దున, వేరే కండక్టరు 'రైట్' అనగానే, క్లచ్ మీద కాలు పైకి లేవలేదు. ఒళ్లంతా చెమట. "ఏందప్పా, బండి తీస్తావా, మమ్మల్ని దిగి తొయ్యమంటావా?" అని వెనక కేకలు.

గాలి సోకిందని నా భార్య రామలక్ష్మమ్మ తాయెత్తు కట్టించింది. అదిగో, ఇప్పుడు తల దించుకుంది. (నవ్వులు) నంద్యాలకు డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది కూడా ఆమే. ఇది పిరికితనం కాదు, ప్రమాదం తర్వాత వచ్చే జబ్బు, తగ్గుతుంది అన్నాడాయన. తగ్గేదాకా మేనేజరు గారు నాకు గ్యారేజీలో పని ఇచ్చారు. ఆ మేలు మరిచిపోను.

మళ్లీ స్టీరింగు పట్టిన రోజు మణెమ్మ అడిగి మరీ నా బండికి వచ్చింది. జనం ఎక్కాక, "పోదాం పదప్పా" అంది. కాలు లేచింది. అప్పటినుంచి మా బండిలో అదే మాట.

నాకోసమే అట్లా అంటోందనుకున్నాను. పోయిన నెల కృతజ్ఞత చెప్పబోతే, "నీకోసమే అనుకుంటివా? ఆ పొద్దు రైట్ అన్నది నేనే కదప్పా. నాకు మాత్రం నోరొస్తాదా?" అంది. ఐదేళ్లు పక్కన పనిచేసి, ఒక్కసారీ నేను ఆమెను అడగలేదు. డాక్టరు దగ్గరికి నేను పోయాను, ఆమె పోలేదు. ఈ నెలలో రెండుసార్లు నేనూ రామలక్ష్మమ్మా ఆమెను వెంటబెట్టుకుని పోయాం.

మణెమ్మా, నా చేతిలో ఇప్పుడు స్టీరింగు లేదు. నోరొస్తే ఆ పొద్దు అన్న మాట అను. రాకపోయినా ఏం కాదు.

(మూడో వరసలోంచి మణెమ్మ: "రైట్... రైట్ అప్పా.")

విన్నాను. దిగుతున్నాను. మీ అందరి మేలుకు నమస్కారం. సెలవు.