ఆటో ఎక్కించిన చేత్తోనే

కోర్టు వరండాలో కూర్చున్న దర్జీ పక్కన, అతని కూతుర్ని కారుతో గుద్ది చంపినవాడి భార్య వచ్చి కూలబడింది.

"రాజీ మాటలైతే వద్దమ్మా. తాగింది మీ ఆయన, ఊపిరి ఆగింది మా పిల్లకి."

"రాజీకి కాదు బాబాయిగారూ. మా లాయరు ఏమన్నాడో విన్నారా?"

"విన్నా. చంపే ఉద్దేశం లేదట, మైకంలో ఏమీ తెలియలేదట. రెండేళ్ళతో సరిపోతుందట."

"ఆయనకి తెలుసు. ఆ రోజు విందు నుంచి బయల్దేరేటప్పుడు నన్నూ పాపనీ ఆటో ఎక్కించాడు. 'బాగా తాగాను, మీరు నా కారెక్కద్దు' అన్నాడు."

"మీ పాపని దింపేశాడా?"

"సీటుబెల్టు విప్పి, ఎత్తుకుని మరీ దింపాడు."



"రోడ్డు మీద ఇంకొకరి పాప ఉంటుందని తట్టలేదా తల్లీ?"

"ఆయన మంచివాడని చెప్పమని నన్ను సాక్షిగా పిలిచారు. నేను ఇదే చెబుతాను."

"అలా చెబితే ఆయనకి పదేళ్ళ శిక్ష పడుతుంది. మా పిల్ల తిరిగి రాదు, మీ సంసారం వీధిన పడుతుంది."

"పడనీండి. తాగి కారు తాళాలు తీసే ఇంకొకడి చెయ్యి వణుకుతుందేమో."

"మీ అత్తగారు ఊరుకుంటారా?"

"గడప తొక్కద్దన్నారు."

"మరెందుకమ్మా నీకీ తెగింపు?"

"ఆటోలో పాపని ఒళ్ళో పెట్టుకుని, 'హమ్మయ్య' అనుకున్నాను బాబాయిగారూ. దిగి ఆ తాళాలు లాక్కోలేదు."

లోపలి నుంచి బంట్రోతు ఆమెను కేకేశాడు.

"పద తల్లీ," అన్నాడు దర్జీ, కళ్ళు తుడుచుకుంటూ.